ఐదో లెవల్ రంగు

ప్రతి శుక్రవారం తెల్లారకముందే ఉప్పలమ్మ గడప కడిగి పసుపు రాస్తుంది. అది కంపెనీ క్వార్టరు గడప, సిమెంటుది, రెండు చోట్ల పెచ్చులు కూడా లేచాయి. అయినా ఆమె లెక్కలో గడప గడపే. చిన్న గిన్నెలో పసుపు తడిపి, మూడు వేళ్ళతో ఈ చివరి నుంచి ఆ చివరికి రాసి, కుంకుమ బొట్లు పెట్టి, "ఇగ తొక్కకుండ్రి" అని ఇంట్లో ఉన్న ఇద్దరికీ చెబుతుంది. ఆ ఇద్దరు ఆమె పెనిమిటి మొండయ్య, కూతురు సరిత. మొండయ్య బొగ్గుబాయి లోపల పైకప్పు బండ కూలకుండా దుంగలూ ఇనుప బోల్టులూ బిగించే మనిషి. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఫస్టు షిఫ్టయితే పొద్దున ఆరింటికల్లా సద్దిగిన్నె సంచిలో వేసుకుని, తడి పసుపు మీంచి పెద్ద అంగ వేసి బయటపడతాడు. మధ్యాహ్నం మూడు దాటాక తిరిగొస్తాడు. గడప దాటుతున్నప్పుడు అతని ఒంటి మీంచి రెప్పపాటు ఒక వెలుగు రాలుతుంది. ఉప్పలమ్మ పొయ్యి దగ్గర నుంచే చూసి, "ఇయ్యాల నాలుగో లెవల్లనా?" అంటుంది. "అవ్" అంటాడు. కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చుంటాడు.

ఆ కాలనీలో ఏ ఇంట్లో చూసినా ఇంతే. బాయి అంటే నేల లోపలికి వాలుగా దిగే పెద్ద సొరంగం. దానికి అడ్డంగా, ఒకదాని కింద ఒకటిగా తవ్వుకుంటూ పోయిన దారులు లెవళ్ళు. ఒకటీ రెండూ లెవళ్ళలో బొగ్గు ఈ కాలనీ కట్టకముందే అయిపోయింది. మూడో లెవల్లో పనిచేసి వచ్చినవాడి వెలుగు ఎరుపు. నాలుగుదైతే ఆకుపచ్చ కలిసిన నీలం. ఐదుదైతే ఊదా కలిసిన నీలం. నడుమ రంగులుండవు. మూడుకీ నాలుగుకీ మధ్య దారిలో గంటసేపు కూర్చుని బీడీ తాగి వచ్చినా సరే, ఇదో అదో రాలాల్సిందే. అదీ బాయి నుంచి వచ్చాక మొదట దాటిన గడప మీదే రాలుతుంది, అరచేయంత మేర. ఆఫీసు గడపకి రాలదు, కల్లు దుకాణం గడపకి అసలే రాలదు. ఎవరో ఒకరు కాపురముండే గడప కావాలి. అందుకే మొగుడు వచ్చినప్పుడు వెలుగు రాలకపోతే, ఆ కాలనీ ఆడవాళ్ళు అన్నం సంగతి తర్వాత చూస్తారు, ముందు "ఎవల గడప తొక్కొచ్చినవ్?" అని అడుగుతారు. ఇట్లా రెండు కాపురాలు పెద్దమనుషుల దాకా పోయాయి. పేర్లు చెప్పను, ఇద్దరూ ఇప్పుడు బుద్ధిగానే ఉన్నారు.

ఐదో లెవల్ వెలుగుకి ఇంకో గుణం ఉంది. అది పడితే గడప మీది పసుపు లేత చిగురు రంగులో మెరుస్తుంది, కాసేపు అట్లాగే నిలుస్తుంది. ఎరుపు పడినా, నాలుగో లెవల్ నీలం పడినా పసుపు ఉలకదు. సరిత చిన్నప్పుడు ఆ మెరుపు మీద వేలు పెట్టి నోట్లో పెట్టుకునేది. రెండేళ్ళ కింద ఐదో లెవల్లో నీటి ఊట ఎక్కువై, పైకప్పు కూడా చెడిపోయిందని గోడ కట్టి మూసేశారు. అప్పటినుంచి ఆ కాలనీలో పసుపు మెరిసింది లేదు.

సరిత ఇంటరు మొదటి సంవత్సరం. సర్కారు కాలేజీ. కెమిస్ట్రీ చెప్పే హేమలత మేడం కారేపల్లి దగ్గర తండా నుంచి రోజూ బస్సులో వస్తుంది. మనిషి సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం ఆఖరి బెంచీ దాకా వినబడుతుంది. మొదటి పాఠమే పరమాణు నిర్మాణం.

"న్యూక్లియస్ అంటే ఇల్లు అనుకోండ్రి," అంది మేడం, బోర్డు మీద చుక్క పెట్టి. "ఎలక్ట్రాన్ ఆ ఇంటి చుట్టే ఉంటది గని, ఎక్కడ పడితే అక్కడ ఉండదు. దానికి కొన్ని మెట్లే ఉన్నయ్. ఒకటి, రెండు, మూడు. రెండున్నర మీద నిలబడు అంటే నిలబడది. దూరం మెట్టు మీదికి పోవాలంటే శక్తి కావాలె. మళ్ల ఇంటి దిక్కు దిగినప్పుడు ఆ తేడా మొత్తం ఒక్క ముద్దగ బయటపడ్తది. గదే వెలుగు. సగం ముద్ద, పావు ముద్ద ఉండవు. ఇప్పుడు హైడ్రోజన్‌ల మూడు నుంచి రెండుకు దిగితే ఏ రంగు?"

"ఎరుపు," అంది సగం క్లాసు. బాయి పిల్లలు మరి.

"నాలుగు నుంచి?"

"పచ్చనీలం."

"మీకు తెల్వంది ఏమున్నదిరా. పేర్లు, లెక్కలు నేర్చుకోండ్రి, చాలు," అని మేడం పక్కన అంకెలు వేసింది. ఆరువందల యాభై ఆరు, నాలుగువందల ఎనభై ఆరు, నాలుగువందల ముప్పై నాలుగు.

సరిత లేచి నిలబడింది. "గడప రెండో మెట్టా మేడం?"

"అవ్."

"మరి ఒకటో మెట్టు?"

"ఇంట్ల లోపటి అర్ర. రెండు నుంచి ఒకటికి దిగినప్పుడూ వెలుగు వస్తది గని, అది మన కండ్లకు ఆనది."

వెనక బెంచీలు ఘొల్లుమన్నాయి. మేడం కూడా నవ్వాపుకుంది. తర్వాత పసుపు సంగతి కూడా ఆమే విప్పి చెప్పింది. ఎర్ర వెలుగు ముద్ద చిన్నది, అలాంటివి బండ్లకొద్దీ పోసినా పసుపులో ఎలక్ట్రాన్ లేవదు. ఊదానీలం ముద్ద పెద్దది, ఒక్కటి తగిలితే చాలు లేచి కూర్చుంటుంది. సరితకి అంతా నచ్చింది, ఒక్కటి తప్ప. మెట్లన్నీ గీశాక మేడం పైన ఒక గీత గీసి, పక్కన అడ్డం పడిన ఎనిమిది లాంటి గుర్తు వేసింది.

"గీడ దాంక పోయిందంటే ఇగ ఇంటి పట్టు తప్పినట్టే. ఆ ఎలక్ట్రాన్ మనది కాదు."

"మళ్ల రాదా మేడం?"

"వస్తదో, వేరే ఇంటికి పోతదో. మనం చెప్పలేం."

సరిత ఆ గుర్తును నోట్సులో వేయలేదు. వేయడానికి చెయ్యి రాలేదు.

శ్రావణ మాసం మూడో శుక్రవారం. ఆ పొద్దున ఉప్పలమ్మ గడపకు మామూలు కంటే ఒత్తుగా పసుపు రాసింది. మొండయ్య అంగ వేస్తూ, "వానకు ఎండుతదో లేదో, కాలు జారితే నీదే పూచి," అన్నాడు. "జారకుండ రా" అంది ఆమె. సరిత అప్పుడు జడ వేసుకుంటూ ఉంది. బాపు వైపు తిరిగి చూడను కూడా లేదు.

పదకొండు గంటలకి కాలేజీలో ఉండగా సైరన్ మోగింది. షిఫ్టు సైరనైతే ఒకసారి కూసి ఊరుకుంటుంది. ఇది ఆగలేదు. బోర్డు మీద రాస్తున్న హేమలత మేడం చేయి ఆగింది. బాయి పిల్లలంతా ఒక్కసారే లేచారు. ఎవరూ పర్మిషన్ అడగలేదు. మేడం కూడా సంచి భుజాన వేసుకుని, "సరితా, ఉరుకు. నేను నీ ఎనకనే వస్తున్న," అంది.

బాయి మోరి దగ్గర, అంటే సొరంగం నోటి దగ్గర, అప్పటికే ఆడవాళ్ళు చేరారు. లోపలున్నవాళ్ళు ఒక్కొక్కరే బయటికొస్తున్నారు. వచ్చినవాడు వచ్చినట్టు ల్యాంపు రూంలో దీపం అప్పగించి, పొద్దున అక్కడ పెట్టిన తన నంబరు బిళ్ళ తీసుకుంటున్నాడు. ఆఖరికి రెండు బిళ్ళలు మిగిలాయి. ఒకటి మొండయ్యది, ఇంకోటి జానీది. పదిహేనేళ్ళుగా ఇద్దరిదీ జోడీ పని. జానీ వయసులో చిన్నవాడు, మొండయ్యని అన్నా అని, ఉప్పలమ్మని వదినా అని పిలుస్తాడు. సరితకి జానీ కాక.

ఇంతలో ఇద్దరు మనుషులు జానీని మోసుకుంటూ వచ్చారు. నెత్తి నుంచి కాలి దాకా మసి. నుదుటి మీద రక్తం. ఉప్పలమ్మ ఎదురెళ్ళి చొక్కా పట్టుకుంది.

"మీ అన్నేడిరా?"

"మూడో లెవల్ల, మూల మీద..." జానీకి ఊపిరి ఆడటం లేదు. "బండ కూలింది వదినా. అన్న అవుతల ఉండిపోయిండు."

ఆ రోజు ఇద్దరికీ డ్యూటీ వేసింది మూడో లెవల్లోనే. మూడో లెవల్ మూల కూలిందని మిగతావాళ్ళు కూడా చూసి వచ్చారు. జానీ మాట అనుమానించడానికి ఎవరికీ కారణం లేదు. రెస్క్యూ టీం కెప్టెన్ రవీందర్ నిమిషం కూడా ఆగలేదు.

"కిందికి పోయే కరెంటు మొత్తం మూడో లెవల్‌కు మళ్లియ్యండ్రి. తవ్వుడు మిషన్లకు సాలది."

"కింద నీళ్ల పంపులు ఆగిపోతయి సార్," అన్నాడెవరో. "ఐదో లెవల్ నాలుగు గంటలల్ల కప్పు దాంక నిండుతది."

"నిండని. మూసిన లెవలే గద, ఎవడున్నడు అండ్ల?"

అప్పుడు టైము పన్నెండు. సరిత ఆ మాట వింది, వదిలేసింది. ఆమె కళ్ళు హుక్కుకి వేలాడుతున్న బిళ్ళ మీద ఉన్నాయి.

ఉప్పలమ్మ మాత్రం ఎక్కువసేపు అక్కడ నిలబడలేదు. "మీ బాపు రావాల్సింది గీ మోరికాడికి కాదు బిడ్డా, మన గడప కాడికి. తలుపు తీసి పెట్టాలె, నడువ్," అని ఇంటిదారి పట్టింది. ఎంతమంది ఆపినా ఆగలేదు. హేమలత మేడం సరిత చేయి నొక్కి, "నువ్వు అమ్మ దగ్గరుండు. నేనిక్కడ ఉంట. ఏమన్న తెలిస్తే ఫోన్ చేస్త," అంది.

ఇంట్లో ఉప్పలమ్మ గోడకి ఆనుకుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని, కొంగు మొహం మీదికి లాక్కుంది. ఏడవలేదు. సరిత తలుపు పక్కన కూర్చుంది. బయట వాన పడుతూ ఆగుతూ ఉంది. గడప మీద పసుపు పొద్దున రాసింది రాసినట్టే ఉంది. ఎవరూ తొక్కలేదు. గోడ గడియారం ఒంటిగంట కొట్టింది. ఒంటిగంటన్నర అయింది. ఫోను మోగలేదు. ఆ అడ్డం ఎనిమిది గుర్తు సరిత కళ్ళముందు తిరుగుతూనే ఉంది, తల విదిల్చినా పోలేదు.

రెండు కావస్తుండగా జానీ వచ్చాడు. డిస్పెన్సరీలో నుదుటికి కట్టు కట్టి పంపితే, సొంతింటికి పోకుండా నేరుగా ఇటే వచ్చాడు. కాలు ఎత్తి గడప దాటబోయాడు. ఒంటి మీంచి వెలుగు రాలింది.

సరిత చూసింది. ఉప్పలమ్మ చూడలేదు, కొంగు చాటున ఉంది. జానీ చప్పున రెండు కాళ్ళూ గడప మీదే ఆనించి నిలబడిపోయాడు. బాయి బూట్లు, మసి పట్టి ఉన్నాయి.

"వదినా," అన్నాడు. "అన్నకేం గాదు. మూడో లెవల్ల తవ్వుతున్నరు. జర టైం పడ్తది గంతే."

రాలింది ఎరుపు కాదు. ఒట్టేసి చెప్పగలదు, ఎరుపు కాదు. మూడో లెవల్ నుంచి వచ్చినవాడికి ఎరుపు కాకుండా ఇంకోటి ఎట్లా రాలుతుంది? నీలం అది. కానీ ఏ నీలం? పచ్చనీలమా, ఊదానీలమా? మబ్బు పట్టిన వెలుతురు, రెప్పపాటు చూపు. నాలుగో లెవలా, ఐదో లెవలా? తప్పు చెబితే మిషన్లన్నీ అక్కడికి దించుతారు. అది కూడా కాదని తేలేసరికి సాయంత్రమవుతుంది. అప్పుడు వచ్చింది ఆ మాట గుర్తుకి. ఐదో లెవల్ నాలుగు గంటల్లో నిండుతుంది. పన్నెండుకి పంపులు ఆపారు. ఇప్పుడు రెండు.

జానీని బయటికి పంపి మళ్ళీ గడప దాటించినా లాభం లేదు. ఒకసారి దిగిపోయిన మెట్టు దిగిపోయినట్టే, మళ్ళీ పైకి ఎక్కితే తప్ప వెలుగు లేదు. ఇక చెప్పాల్సింది పసుపే. ఆ పసుపు మీద జానీ బూట్లున్నాయి.

"కాకా, కాలు తియ్యి."

"ఏంది బిడ్డా?"

"కాలు తియ్యి."

జానీ తీయలేదు. సరిత వైపు చూశాడు. ఆ చూపు చూశాక ఆ పిల్లకి బాగా భయమేసింది, ఎందుకంటే కాక కళ్ళలో ఉన్నది కూడా భయమే.

"నీకు తెల్వది బిడ్డా," అన్నాడు గొంతు తగ్గించి. "మూడో లెవల్ల దొరికితెనే మీకు మంచిది. మూసిన తావుల దొరికితే మీ బాపు పేరు ఖరాబైతది. కంపెనీ ఏమియ్యదు. నా మీద ఇప్పటికే ఒక ఛార్జిషీట్ ఉన్నది, నా నౌకరి కూడ పోతది. అయిపోయినోని కోసం రెండిండ్లు..."

ఉప్పలమ్మ తలెత్తింది. కొంగు జారింది.

"ఏమన్నవ్ర జానీ? అయిపోయినోడా?"

"మూడుమాట్ల పిలిచిన వదినా. అన్న పలకలే." "బండ పడ్డది. దుమ్ము. అన్నా అన్నా అని మూడుమాట్ల పిలిచిన. పలకలే."

సరిత కింద కూర్చుని జానీ చీలమండ రెండు చేతుల్తో పట్టుకుంది. తడి బూటు, బరువైన మనిషి. ఆ పిల్ల లాగితే కదిలే కాలు కాదది. కానీ జానీయే కాలు ఎత్తాడు.

బూటు అడుగున, మసి అచ్చు పడ్డ చోట, పసుపు లేత చిగురు రంగులో మెరుస్తోంది.

సరిత అమ్మ ఫోను అందుకుని మేడంకి కలిపింది. రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారి కలిసింది.

"మేడం, కాక మూడో లెవల్ నుంచి రాలే. ఐదో లెవల్ నుంచి వచ్చిండు. ఆపిన పంపులు మళ్ల చాలు చెయ్యమనండ్రి మేడం, జల్దీ!"

అవతల మేడం అరుపు, పరుగు చప్పుడు వినిపించాయి. తర్వాత రవీందర్ గొంతు వచ్చింది.

"ఏ రంగు రాలింది అమ్మా?"

"ఊదానీలం సార్."

"నాలుగోది గూడ నీలమే గద. రెండు గంటల సంది తవ్వుతున్నోళ్లను ఆపాలె నేను. పక్కానా?"

"గడప పసుపు మెరుస్తున్నది సార్. ఇంక మెరుస్తనే ఉన్నది."

రవీందర్ ఇంకొక్క ప్రశ్న వేయలేదు. "పంపులు చాలు చెయ్యండ్రి! కరెంటు కిందికి తిప్పుండ్రి!" అని కేకలు పెట్టడం ఫోన్లోనే వినిపించింది.

జానీ గడప మీద కూలబడి ఉన్నాడు. "ఫోన్ ఇటియ్యి బిడ్డా," అన్నాడు. తీసుకున్నాడు. ఇక ఆపకుండా చెప్పాడు.

"సార్, నేను జానీని. నేనే తీస్కపోయిన అన్నను. ఐదో లెవల్ల మా మైసమ్మ ఉన్నది గద సార్, లెవల్ తవ్వినప్పుడు మేం పెట్టుకున్న మైసమ్మ. మీరు గోడ కడ్తే ఆమె లోపటనే ఉండిపోయింది. మోరి కాడ కొత్తగ పెట్టిన్రు గని ఆమె వేరే, ఈమె వేరే. శ్రావణ శుక్రారం ఆమెకు పసుపు పెట్టేటోడు లేడు సార్. నేను పోత అన్న. అన్న వద్దన్నడు. నేను ఇనలే. ఒక్కనివి పోతే బండ చూసేటోడు ఎవడ్రా అని ఎంబడి వచ్చిండు. గోడకు కుడి దిక్కు కింద రాయి ఊడి సందున్నది. అండ్లకెల్లి పోండ్రి. బండ కూలింది మైసమ్మ గూటికి ఇవుతల. గా ఊపుకే మూడో లెవల్ మూల గూడ రాలింది. నా మీద ఏం రాసుకుంటరో రాసుకోండ్రి సార్. ముందుగాల అన్నను చూడుండ్రి."

ఉప్పలమ్మ అతన్ని తిట్టలేదు. చెప్పు తీసుకుంటుందేమో అనుకుంది సరిత. అదీ చేయలేదు. జానీ భుజం పక్కనుంచి గడప దాటి బాయి వైపు పరుగెత్తింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

సాయంత్రం దాకా ఏం జరిగిందో సరితకి ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. పంపులు మళ్ళీ నడిపించినా నీళ్ళు వెంటనే తగ్గలేదు. మూడింటికి ఎవరో వచ్చి, నీళ్ళు నడుములోతు ఉన్నాయన్నారు. నాలుగింటికి ఇంకెవరో వచ్చి, గోడ సందు దొరికిందని, బండ కింద మొండయ్య దీపం నలిగిపోయి కనబడిందని చెప్పారు. దీపం దొరికింది, మనిషి దొరకలేదు. ఆడవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. హేమలత మేడం సరితను దగ్గరికి లాక్కుని కూర్చోబెట్టింది. మేడం ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది. ఇంటి నుంచి ఫోన్ వస్తే, "రేపొస్త," అని పెట్టేసింది. జానీ అందరికీ దూరంగా, కొత్త మైసమ్మ గద్దె పక్కన నిలబడ్డాడు. అతని పక్కకి ఎవరూ పోలేదు.

ఐదున్నరకి లోపలి నుంచి ఫోన్ వచ్చింది. రవీందర్ విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఉప్పలమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఉన్నడమ్మా. బతికున్నడు. బండలు జరిపి సందులకెల్లి చూస్తే లోపట వెలుగు కనిపించిందట. అవుతల మనిషున్నడని గట్ల తెలిసింది."

"ఆయన దీపం నలిగిపోయిందంటిరి?" అంది ఉప్పలమ్మ.

"నలిగిపోయింది. ఏం వెలుగో మరి."

ఆరింటికి స్ట్రెచర్ మీద తెచ్చారు. ఎడమ పాదం నుజ్జయింది. పెదాలు నల్లబడ్డాయి. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. ఉప్పలమ్మ ఆ చేయి పట్టుకుని అప్పుడు ఏడ్చింది, కాలనీ మొత్తం వినేలా ఏడ్చింది. పెద్ద దవాఖానాకి అంబులెన్సు బయలుదేరే దాకా ఆ చేయి వదల్లేదు.

పన్నెండు రోజులయ్యాక మొండయ్య ఇంటికొచ్చాడు. పాదం మిగిలింది గానీ వేళ్ళు మూడు పోయాయి. ఇక బాయి దిగడం లేదు, సర్వీసు కాగితాల్లో తప్పు రాసి, పైన ల్యాంపు రూంలో కూర్చునే పని ఇచ్చారు. జానీని సస్పెండ్ చేశారు, ఎంక్వైరీ నడుస్తోంది. ఆటో దగ్గర నుంచి మొండయ్యని భుజం ఇచ్చి నడిపించుకొచ్చింది మాత్రం జానీయే. ఇంకెవరు వచ్చినా మొండయ్య ఒప్పుకోలేదు.

చుట్టుపక్కల ఆడవాళ్ళు గోడల మీంచి తొంగిచూస్తున్నారు. ఐదో లెవల్ నుంచి వచ్చిన మనిషి, దవాఖానా గడప లెక్కలోకి రాదు, కాబట్టి ఆ ఊదానీలం ఇంకా ఒంటి మీదే ఉండాలి. రెండేళ్ళ తర్వాత ఆ రంగు మళ్ళీ చూడొచ్చని పిల్లల్ని కూడా ఎత్తుకొచ్చారు. మొండయ్య కర్ర ఊని, మంచి కాలు ముందు వేసి గడప దాటాడు.

ఏమీ రాలలేదు.

అందరూ నోళ్ళు తెరిచారు. సరిత బాపు మొహం వంక చూసింది, తర్వాత అమ్మ మొహం వంక. ఉప్పలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఎవల గడప తొక్కొచ్చినవ్?"

ఇరవై ఆరేళ్ళలో ఆమె ఆ మాట అడగాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. మొండయ్య గోడకి ఆనుకుని కాస్త ఊపిరి తీసుకున్నాడు.

"తొక్కిన," అన్నాడు. "అబద్ధం చెప్ప. నీళ్లు రొమ్ముల దాంక వచ్చినయ్. దీపం లేదు, కండ్లు పొడుచుకున్నా కనబడని చీకటి. ఇంటికి రాననుకున్న. మైసమ్మ గూడు రెండు మెట్ల ఎత్తుల ఉంటది గద, తడుముకుంట పాకిన. దానికి రాతి గడప ఉన్నది, అప్పుడు మేమే పెట్టినం. జానీగాడు అప్పుడే పసుపు రాసి ఉన్నడు. అది దాటి లోపటికి జరిగిన. జరుగుతుంటెనే రాలింది. ఆమె గూడ కాపురమున్నట్టే గద మరి. గూడంత వెలుగైంది. పసుపు మెరిసింది. గంటల తరబడి ఆరలే."

"గదేనా వాళ్లకు సందులకెల్లి కనిపించింది?" అంది సరిత.

"గదే."

ఉప్పలమ్మ నడుం మీది చేతులు తీసేసింది. నవ్వబోయింది, నవ్వు సగంలోనే ఏడుపైంది. "పోనీ, ఆమెనైతే ఏమనను," అంది.

జానీ బయటే ఉన్నాడు. మొండయ్య సంచి చేతిలో పట్టుకుని, లోపలికి రావాలో వద్దో తెలియక ఒక కాలు గడప మీద పెట్టి ఆగిపోయాడు. గడప మీద ఆ రోజు పడ్డ బూటు మసి ఇంకా అట్లాగే ఉంది. మధ్యలో శుక్రవారం ఒకటి వచ్చి వెళ్ళింది. ఉప్పలమ్మ అటుపక్కా ఇటుపక్కా పసుపు రాసింది గానీ ఆ అచ్చు మీద మాత్రం చెయ్యి వేయలేదు. కాలనీ అంతా అది చూసింది, జానీ కూడా చూశాడు. అందుకే ఇప్పుడు తల దించుకుని సరిగ్గా దాన్నే చూస్తున్నాడు.

ఉప్పలమ్మ లోపలికెళ్ళి పసుపు గిన్నె తెచ్చింది. శుక్రవారం కాదు, బుధవారం. గడప ముందు కూర్చుంది.

"కాలు తియ్యి జానీ."

జానీ గబుక్కున కాలు వెనక్కి తీసుకున్నాడు.

"బయటికి కాదురా," అంది ఆమె, మూడు వేళ్ళు పసుపులో ముంచుతూ. "లోపటికి."

జానీ గడప దాటాడు. వెలుగేమీ రాలలేదు. ఉప్పలమ్మ ఆ మసి అచ్చును అరచేత్తో తుడిచి, దాని మీద తడి పసుపు రాసింది.